చూసుకునే మనిషికి ఆసరా: ఇంట్లో మిగతావాళ్లు చేయాల్సిన పనులు

మా అమ్మ పక్షవాతంతో మంచాన పడ్డ ఐదేళ్లూ ఆమెను చూసుకున్నది మా పెద్ద వదిన. ఊరు పరకాల దగ్గర. పెద్దన్న వ్యవసాయం, చిన్నన్న దుబాయ్‌లో, అక్క కరీంనగర్‌లో, నేను హనుమకొండలో ఉద్యోగం. ఊరికి పోయినప్పుడల్లా మంచం పక్కన కూర్చుని "అమ్మ ఎట్లుంది వదినా?" అని అడిగి, పండ్ల సంచి అక్కడ పెట్టి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాణ్ని. ఐదో ఏడు పత్తి ఏరే రోజుల్లో వదినకు నడుము పట్టేసింది. లేచి కూర్చోలేని పరిస్థితి. పదిహేను రోజులు సెలవు పెట్టి నేను పోయాను. మూడో రాత్రికే నాకు ఏడుపొచ్చింది.

ఇది ఆ పదిహేను రోజుల్లోనూ ఆ తర్వాతా నేర్చుకున్నది. రాసింది చూసుకునే మనిషి కోసం కాదు, ఆమెకు చదివే తీరిక ఎక్కడిది? చుట్టూ ఉండి "పాపం, ఎంత గోస పడుతోందో" అనే మనలాంటి వాళ్ల కోసం. పక్షవాతమే కానక్కర్లేదు. మతిమరుపు ముదిరిన తాత కావచ్చు, డయాలసిస్ మీద ఉన్న భర్త కావచ్చు, నడవలేని పిల్లవాడు కావచ్చు. జబ్బులు వేరైనా చూసుకునే వాళ్ల అలసట చాలావరకు ఒకటే.

1. ముందు ఒక నోట్‌బుక్ తెచ్చి మూడు రోజుల పని రాయండి

సాయం చేయాలంటే అక్కడ ఏం పని జరుగుతోందో తెలియాలి కదా. ఆ మనిషినే అడిగితే "ఏముంది, మామూలే" అంటుంది. అందుకే ఆమె పక్కన కూర్చుని, గంట గంటకూ ఏం జరిగిందో మీరే రాయండి. రాత్రి కూడా రాయాలి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. మా ఇంట్లో రాసిన మొదటి రాత్రి ఇలా ఉంది: పదిన్నరకు మాత్రలు, పన్నెండుకు పక్కకు తిప్పడం, ఒంటిగంటన్నరకు బట్టలు మార్చడం, మూడింటికి నీళ్లు, మళ్లీ తిప్పడం, ఐదింటికి వదిన లేచి వాకిలి ఊడ్వడం. ఆమె వరసగా రెండు గంటలు కూడా నిద్రపోలేదు.

కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పని చేస్తున్నట్టు తేలింది, మగవాళ్లలో 21.4 శాతం. ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సుమారు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఇందులో పిల్లల్ని చూసుకునే పని కూడా కలిసి ఉంది. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో ఈ లెక్క ఏ మూలకూ సరిపోదు. మా నోట్‌బుక్‌లో ఒక్క రోజుకు తొమ్మిది గంటలు తేలింది, వంట, పశువుల పని కాకుండానే. పెద్దన్న ఆ పేజీ చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వదిన ఐదేళ్లు నోటితో చెప్పినా చెవికెక్కనిది, కాగితం మీద చూస్తే ఎక్కింది.

2. నడుము, నిద్ర: ఈ రెండూ ముందు కాపాడాలి

ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను. చూసుకునే మనిషి మంచాన పడితే ఆ ఇంట్లో ఇద్దరు రోగులవుతారు.

మంచంతో మొదలుపెట్టండి. నవారు మంచం మధ్యలో కుంగిపోతుంది. రోగికి ఒళ్లు నొక్కుకుంటుంది, తిప్పేవాళ్లకు నడుము విరుగుతుంది. గట్టి చెక్క మంచం మేలు. అది చూసుకునే మనిషి నడుము ఎత్తుకు వచ్చేలా కోళ్ల కింద కదలకుండా ఇటుకలు పెట్టొచ్చు. అయితే రోగి తనంతట తాను లేచే మనిషైతే ఎత్తు పెంచకండి, పడిపోతారు. సర్జికల్ షాపుల్లో ఆసుపత్రి మంచాలు నెల కిరాయికి దొరుకుతాయి. తల వైపు లేపుకునే మంచం ఒక్కటి తెస్తే సగం బరువు తగ్గుతుంది.

రోగిని చంకల కింద చేతులు పెట్టి పైకి గుంజడం మా అందరికీ ఉన్న అలవాటు. అది తప్పు. ఒక దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, భుజాల నుంచి తొడల వరకు రోగి కింద ఎప్పుడూ ఉంచండి. చెరో వైపు ఇద్దరు నిలబడి, ఆ దుప్పటి పట్టుకుని మోకాళ్లు కాస్త వంచి జరిపితే మనిషి సులువుగా జరుగుతుంది. ఒంటి చర్మం పక్క బట్టకు రాసుకోదు, పుండు పడదు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగొద్దు, భుజం కీలు జారుతుంది. కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని బాగున్న వైపు పెట్టాలి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. ఈ ఒక్క మాట మాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని జాకెట్లు చిరగకుండా ఉండేవో!

మంచంలోనే ఉండే మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలంటారు. రాత్రుళ్లు చూసుకునే మనిషికి నిద్ర లేకుండా చేసేది ఇదే. గాలి పరుపు వేస్తే ఆ వ్యవధి ఎంత పెంచొచ్చో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఆ పరుపు పెట్టినా తిప్పడం పూర్తిగా మానకూడదు. నడుము కింది ఎముక, మడమలు, తుంటి, మోచేతులు, తల వెనక భాగం రోజూ వెలుతురులో చూడండి. నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. మన ఒంటి రంగుకు ఎరుపు సరిగ్గా కనపడదు, కాబట్టి చేత్తో తాకి చూడాలి. వేడిగా, గట్టిగా తగులుతుంది. అక్కడ నూనె పెట్టి రుద్దకండి, గుండ్రటి ట్యూబు మీద కూర్చోబెట్టకండి, రెండూ చెడే చేస్తాయి. బరువు అటు పడకుండా తిప్పి పడుకోబెట్టి, ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు గానీ డాక్టరుకు గానీ చూపించండి.

తినిపించడం గురించి ఒక మాట. పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయడం మన దగ్గర మామూలుగా చేసే పని. మింగడం కష్టమైన మనిషికి పల్చటి నీళ్లే ఎక్కువ ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిక్కటి జావ అంతకంటే నయం. నిటారుగా కూర్చోబెట్టి, నోట్లో బాగున్న వైపున బుక్కెడు బుక్కెడు పెట్టి, అయిపోయాక ఇంకో అరగంట కూర్చోనివ్వండి. తింటుంటే దగ్గు వచ్చినా, గొంతు తడి తడిగా గరగరమన్నా ఆపేసి డాక్టరును అడగండి. మూత్రం సంచి ఉంటే అది ఎప్పుడూ నడుముకు దిగువనే వేలాడాలి, నేలకు ఆనకూడదు. చలి జ్వరం వచ్చినా, మూత్రం చిక్కగా మారినా రేపటికి వాయిదా వేయకండి.

నిద్ర సంగతి. వారానికి కనీసం రెండు రాత్రులు వేరే మనిషి ఆ గదిలో పడుకోవాలి. చూసుకునే మనిషి వేరే గదిలో, కుదిరితే వేరే ఇంట్లో పడుకోవాలి. అదే గదిలో పక్క మంచం వేస్తే లాభం లేదు, అమ్మ కదిలితే చాలు మా వదినకు మెలకువ వచ్చేసేది.

3. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజు తొందరపడకండి

వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి మన ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి జనం వస్తారు. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్లకు డిశ్చార్జి అనగానే బండి మాట్లాడుకోవడమే టెన్షన్. నేర్చుకోవాల్సిన గంట అదే, అదే గంట చేజారుతుంది. మమ్మల్ని పంపిన ఆసుపత్రిలో మందుల చీటీ ఇచ్చారు, మనిషిని ఎట్లా తిప్పాలో ఎవరూ చూపించలేదు. మేమూ అడగలేదు. మీరు అడగండి. ఫిజియోథెరపిస్టు చేసి చూపిస్తుంటే అనుమతి అడిగి ఫోన్‌లో వీడియో తీసుకోండి. నేర్చుకునేటప్పుడు ఇంట్లో ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు మగవాళ్లు అయితే మరీ మంచిది. ఒక్కరే నేర్చుకుంటే ఆ పని ఎప్పటికీ వాళ్లదే అవుతుంది.

ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి, ఏ మాత్ర ఆపకూడదు, ట్యూబు ఎప్పుడు మార్చాలి: ఈ మూడూ రాయించుకుని గోడకు అంటించండి. దాని కిందే 108 నంబరు, బండి ఉన్న ఇద్దరు చుట్టుపక్కలవాళ్ల నంబర్లు. తర్వాత చూపించుకోవడానికి పోయేటప్పుడు ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఉచిత ప్రయాణం ఉంది. మందుల కోసం, రిపోర్టుల కోసం ఇంటి ఆడవాళ్లనే పంపడానికి అదో సాకు కాకుండా చూసుకోండి. మా ఇంట్లో కొన్నాళ్లు అదే జరిగింది.

4. కాగితాల పని చదువుకున్నవాళ్లు మీద వేసుకోండి

దూరంగా ఉన్న కొడుకులు, కూతుళ్లు చేయగలిగిన అసలు సాయం ఇది. ఫోన్, ఇంటర్‌నెట్, రెండు రోజుల సెలవు ఉంటే చాలు. చూసుకునే మనిషికి ఈ లైన్లలో నిలబడే తీరిక ఉండదు.

మొదటిది వైకల్య ధ్రువపత్రం, దాంతో పాటు వచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ. జబ్బు కాస్త నిలకడకు వచ్చాక మెడికల్ బోర్డు పరీక్షించి శాతం రాస్తుంది. 40 శాతం, ఆ పైన ఉంటే చాలా పథకాలకు అర్హత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. మానసిక జబ్బులు, పార్కిన్సన్స్, తలసేమియా కూడా అందులో ఉన్నాయని చాలామందికి తెలియదు. ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని ఆ చట్టమే చెబుతోంది. చట్టంలో ఉన్న ఆ మాట వదిన లాంటివాళ్ల చేతికి డబ్బుగా అందాలని అడగాల్సింది మనమే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయినప్పుడు పింఛన్ అర్జీతో పాటు దీని మీదా ఒక అర్జీ పెట్టండి.

పింఛన్. తెలంగాణ ప్రభుత్వ ఆసరా పథకం కింద నెలకు వృద్ధులకు 2016 రూపాయలుంటే, దివ్యాంగులకు 2023లో 4016 చేశారు. వృద్ధాప్య పింఛన్ తీసుకుంటున్న మనిషికి మంచాన పడ్డాక వైకల్య ధ్రువపత్రం వస్తే, మార్పు కోసం ఎంపీడీవో ఆఫీసులో అడగండి. రెండు వేల తేడా అంటే డయాపర్ల ఖర్చు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు వర్తిస్తుందో చేర్చే ముందే 104కు ఫోన్ చేసి తెలుసుకోండి. పేద వృద్ధులకు చక్రాల కుర్చీ, వాకర్ లాంటివి ఉచితంగా ఇచ్చే వయోశ్రీ పథకం 2017 నుంచి ఉంది. జిల్లాలో శిబిరం ఎప్పుడు పెడతారో సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోవాలి.

బ్యాంకు. సంతకం పెట్టలేని మనిషిని ఆటోలో మోసుకుపోవడం నేను కళ్లారా చూశాను. 70 ఏళ్లు దాటినవాళ్లకు, కదలలేని దివ్యాంగులకు ఇంటి దగ్గరే సేవలు అందించాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకు చెప్పింది. సంతకం చేయలేనివాళ్ల వేలిముద్రను, చేతివేలు కుదరకపోతే కాలి వేలి ముద్రను, ఇద్దరు సాక్షుల ముందు తీసుకోవచ్చు. అందులో ఒకరు బ్యాంకు మనిషి అయి ఉండాలి. మేనేజర్‌కు ఈ మాట కాగితం మీద రాసి ఇవ్వండి, నోటి మాట గాలికి పోతుంది.

ఉద్యోగం చేస్తూ ఖర్చు భరించే అన్నదమ్ములు పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే, మీ మీద ఆధారపడ్డ దివ్యాంగులైన తల్లిదండ్రులకు పన్ను చట్టంలోని 80డీడీ సెక్షన్ కింద 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది. ఆ మిగిలే డబ్బు ఎవరికి చేరాలో నేను చెప్పనవసరం లేదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లలున్న ఇంట్లో ఇంకో రెండు: ఇలాంటి పిల్లలకు చదువు, థెరపీ అందించే మండలంలోని భవిత కేంద్రం, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా. పిల్లలకు 18 నిండాక చట్టబద్ధమైన సంరక్షకుల్ని నియమించే కమిటీకి కలెక్టరే పెద్ద. "మా తర్వాత వీడి గతేంటి?" అని రాత్రుళ్లు మేలుకునే తల్లులకు ఆ కాగితం ఎంతో కొంత ధైర్యం.

5. దసరాకు అందరూ వచ్చినప్పుడు కూర్చోండి, వాయిదా వేయకండి

మన దగ్గర అన్నదమ్ములంతా ఒక్కచోట చేరేది దసరాకే. మాంసం కూర, అలాయ్ బలాయ్, మర్నాడు ఎవరి బండి వాళ్లది. ఆ మధ్యలో ఒక రెండు గంటలు నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చోవాలి. మొదటి పది నిమిషాలు చూసుకునే మనిషే మాట్లాడాలి, ఎవరూ అడ్డురావద్దు. మా వదిన మొదట "నాకేం వద్దు తమ్మీ" అంది. నేను నోట్‌బుక్ తెరిచి చదివాను. ఆ తర్వాత ఆమే అంది, "నెలకు నాలుగు రోజులు మా అమ్మగారింటికి పోవాలె. ఫోన్ చేసి అత్తమ్మ ఎట్లుందని నన్ను అడగొద్దు." ఐదేళ్లలో ఆమె అడిగింది అదొక్కటే.

ఇక్కడ వంతుల గురించి చెప్పాలి. తల్లినో తండ్రినో నెలకొక కొడుకు ఇంట్లో పెట్టే పద్ధతి మన ఊళ్లలో న్యాయంగానే కనిపిస్తుంది. నడిచే మనిషికి సరే. మంచాన పడ్డ మనిషికి ప్రతి నెలా ఆటోలో ప్రయాణం, కొత్త గది, కొత్త పద్ధతి. మతిమరుపు ఉన్న మనిషైతే ఇల్లు మారిన ప్రతిసారీ మరింత ఆగమవుతారు, రాత్రుళ్లు తలుపు తీసుకుని బయటికి పోతారు. నా మాట ఏంటంటే, రోగిని తిప్పకండి, చూసుకునేవాళ్లు మారండి. అమ్మ ఉన్న చోటే ఉంది. నెలలో నాలుగు రోజులు నేను, మూడు రోజులు అక్క వెళ్లేవాళ్లం. చిన్నన్న పగటి పూట వచ్చే ఆయమ్మ జీతం పంపాడు, రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మతో అరగంట మాట్లాడేవాడు. ఆ అరగంట వదిన టీ తాగి ఇంటి ముందు కూర్చునేది. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు పోయిన కొడుకులున్న ఇళ్లు ఎన్నో. డబ్బు పంపితే అయిపోలేదు, రోజుకో అరగంట కూడా పంపొచ్చు.

డబ్బు మాట దాచుకోవద్దు. చూసుకునే మనిషి కూలి పోగొట్టుకుంటుంది. పత్తి ఏరడం, మిర్చి ఏరడం, బీడీలు చుట్టడం, ఏదైనా. డయాలసిస్ అయితే వారానికి రెండు మూడు రోజులు, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు, ప్రయాణం కలిపితే రోజంతా పోతుంది. ఆ పోయిన కూలి లెక్కగట్టి మిగతావాళ్లు ఆమె ఖాతాలో వేయాలి, ఆమె భర్త ఖాతాలో కాదు. "ఇంటి కోడలికి జీతమా?" అని మా మేనమామ అన్నాడు. ఆయమ్మకు ఇస్తున్నప్పుడు రాని సందేహం ఇప్పుడెందుకో?

ఎవరూ కలిసి రాకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో పెద్దవాళ్లు అర్జీ పెట్టుకుంటే పిల్లలు నెలకు 10,000 వరకు ఇచ్చేలా ఆదేశించవచ్చు. కానీ అక్కడిదాకా పోయిన అన్నదమ్ములు మళ్లీ ఒక పంక్తిలో కూర్చోవడం నేను చూడలేదు. ముందు 14567కు ఫోన్ చేయండి, అది వృద్ధుల కోసం పెట్టిన ఎల్డర్ లైన్, సలహా ఇస్తారు.

6. చుట్టాలు, ఇరుగుపొరుగు: "ఏమన్నా ఉంటే చెప్పు" అనకండి

అది మర్యాద మాట, సాయం కాదు. చెప్పే భారం కూడా మళ్లీ ఆమె మీదే పడుతుంది. రోజు, గంట, పని, మూడూ మీరే చెప్పండి. "మంగళవారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా నేను కూర్చుంటా, నువ్వు సంఘం మీటింగ్‌కు పోయి రా." అప్పుడు కాదనడం ఆమెకు కష్టం. మహిళా సంఘంలో ఇలాంటి ఇళ్లు రెండు మూడు ఉంటే, వారానికో ఇల్లు చొప్పున పంచుకోవచ్చు. పొదుపు లెక్కలు రాసే పుస్తకంలోనే ఒక పేజీ చాలు.

చూడ్డానికి వచ్చే చుట్టాలకు ఒక మనవి. గంట కూర్చుని టీ తాగి, "మా ఊళ్ల ఒకాయన ఉండె, ఆకు పసరు తాగి లేచి నడిచిండు" అని చెప్పి పోకండి. వచ్చేటప్పుడు వండిన కూర తీసుకురండి. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజుల్లో ఒక్క సాయంత్రం రోగి దగ్గర కూర్చుని ఆమెను పంపండి. ఐదేళ్లు మా వదిన పూలు కోసి ఇచ్చిందే గానీ ఆడింది లేదు.

7. కోపం వస్తుంది, తప్పేం లేదు

రాత్రి మూడో సారి పక్క తడిసినప్పుడు అమ్మ మీద నేను అరిచాను. తర్వాత తెల్లారేదాకా కుమిలిపోయాను. వదినతో చెబితే ఆమె నవ్వి, "నేను లెక్కపెట్టుడు మానేసిన" అంది. కోపం ముంచుకొచ్చినప్పుడు రోగిని భద్రంగా పడుకోబెట్టి ఐదు నిమిషాలు బయటికి వెళ్లడం నయం. మతిమరుపు ఉన్నవాళ్లు చనిపోయిన భర్త ఇంకా రాలేదని అడిగితే వాదించకండి, మాట మళ్లించండి. అబద్ధం చెప్పినట్టు బాధపడక్కర్లేదు.

నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు, తిండి సహించకపోవడం, "ఇద్దరం కలిసి పోతే బాగుండు" అనే మాట: ఇవి కనిపిస్తే అలసట అని కొట్టిపారేయకండి. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా సేవ టెలిమానస్ నంబరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. నంబరు ఇచ్చి ఊరుకోకుండా, మీరే కలిపి ఫోన్ ఆమె చేతికి ఇచ్చి గదిలోంచి బయటికి రండి.

8. నయం కాదని తెలిశాక

క్యాన్సర్ ముదిరినా, మరో జబ్బు ముదిరినా "ఇంక ఇంటికి తీసుకుపోండి" అంటారు. అంటే వైద్యం అయిపోయిందని కాదు. నొప్పి, ఆయాసం, పుండ్లు తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగాలు కొన్ని జిల్లా ఆసుపత్రుల్లో ఉన్నాయి, ఇళ్లకు వచ్చి చూసే బృందాలూ ఉన్నాయి. మీ జిల్లాలో ఎక్కడో ఆశ కార్యకర్తను అడగండి. నొప్పి తగ్గితే రోగి పడుకుంటారు, రోగి పడుకుంటే చూసుకునే మనిషీ పడుకుంటుంది.

9. పోయాక

మా అమ్మ పోయిన పదకొండో రోజు దినాలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. పింఛన్ ఆపమని పంచాయతీలో చెప్పడం, మంచం తిరిగి ఇవ్వడం, మిగిలిన మందులు చూడడం, ఈ పనులు కొడుకులు చేయండి. వదిన మాత్రం రెండు నెలల పాటు రాత్రి పన్నెండుకు లేచి, ఖాళీ గదిలోకి పోయి లైటు వేసేదట. పెద్దన్న చెప్పాడు.

ఆ ఐదేళ్లలో ఆమె తన కోసం ఒక్క డాక్టరు దగ్గరికీ పోలేదు. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ ఊళ్లోని ఉపకేంద్రంలోనే ఉచితంగా చూస్తారు. అక్క వచ్చి వెంటబెట్టుకుని పోయింది. బీపీ 170 ఉంది. ఎన్నాళ్ల నుంచో ఎవరికీ తెలియదు. నోట్‌బుక్ చివర్లో ఇంకా కొన్ని పేజీలు ఖాళీగా ఉంటే, అక్క అక్కడ తేదీ వేసి వదిన మాత్రల పేరు రాసింది.